టీజర్‌కు టికెట్ లేదు

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అనే సామెత మా ఇంట్లో నా మీద పడినన్ని సార్లు ఇంకెవరి మీదా పడి ఉండదు. ఇంకా విడుదల కాని ఒక ఇంగ్లీషు పాట గురించి, దాని పదిహేను సెకన్ల ముక్క విని, ఫోన్‌లో గంటసేపు దోస్తుతో కొట్లాడుతుంటే అమ్మకు అదే గుర్తుకొస్తుంది. "వచ్చినంక వినరాదా బిడ్డా, గిప్పుడే ఈ లొల్లి ఏంది?" అంటుంది. కాలేజీ స్టాఫ్ రూంలో ఇదే ప్రశ్నను కొంచెం వెటకారం కలిపి అడుగుతారు. నలభై దగ్గర పడుతున్న మనిషి, పిల్లలకు లెక్కలు చెప్పుకునే మనిషి, అమెరికాలో ఎవరో పాడబోయే పాటకు పల్లవి ఎట్లుంటుందో అని పరేషాన్ కావడం వాళ్ళకు వింతగా ఉంటుంది.

నాకు వింతగా లేదు. పైగా, ఇందులో నవ్వాల్సిందేమీ లేదని నా వాదన. నల్లగొండ లాంటి ఊర్లో ఉండి పాప్, రాక్ వినేవాడికి ఆ సంగీతంలో అందరితో సమానమైన వాటా దొరికేది పాట రాకముందు ఉండే ఆ కొద్ది రోజుల్లోనే. పాట వచ్చిన తర్వాత లెక్కలు మారిపోతాయి. ఎవరి ఊర్లో కచేరీ ఉంది, ఎవరి దగ్గర డబ్బుంది, ఎవరి ఆఫీసులో సెలవు దొరుకుతుంది అన్నవి ముందుకొస్తాయి. ముందు రోజుల్లో మాత్రం లండన్ పిల్లకూ, దేవరకొండ రోడ్డులో అద్దెకుండే నాకూ చేతిలో ఉన్నది అదే పదిహేను సెకన్లు.

ఈ మాట ఇంత గట్టిగా అనడానికి కారణం, ఆ పదిహేను సెకన్లు కూడా లేని కాలం నాకు తెలుసు.

నేను ఇంజినీరింగ్ హాస్టల్లో చేరేనాటికే అమెరికన్ రాక్ బ్యాండ్ లింకిన్ పార్క్ మొదటి ఆల్బమ్ 'హైబ్రిడ్ థియరీ' పాతబడింది. అది 2000 అక్టోబర్‌లో వచ్చింది. రెండోది 'మెటియోరా', 2003 మార్చిలో. మాకు మాత్రం రెండూ ఒకే రోజు, ఒకే సీనియర్ కంప్యూటర్‌లో, ఒకే ఫోల్డర్‌లో దొరికాయి. ఏది ముందో ఏది వెనకో తెలియదు. సగం పాటల పేర్లు తప్పులు. కొన్నేళ్ళకు నల్లగొండ బస్టాండ్ దగ్గర మెమరీ కార్డులో పాటలు ఎక్కించే షాపులు వచ్చాయి. అక్కడ 'ఇంగ్లీష్' అని ఒకటే ఫోల్డర్ ఉండేది. అందులో ఈ బ్యాండ్ అరుపులూ, మా నాన్న వయసువాళ్ళు విన్న ప్రేమపాటలూ, ఎవరిదో కోడి కూసే రింగ్‌టోనూ కలిసి కాపురం చేసేవి. షాపాయన దృష్టిలో అన్నీ ఒకటే సామాను. జీబీకి ఇంత అని తీసుకునేవాడు.

తెలుగు సినిమా పాట సంగతి వేరు. హైదరాబాద్‌లో క్యాసెట్ విడుదలైతే ఎక్కువ ఆలస్యం లేకుండా ప్రకాశం బజార్‌కు వచ్చేది. హీరో ఎవరు, సంగీతం ఎవరు, ఎన్ని పాటలు అని ముందే చర్చించుకునేవాళ్ళం, కొన్న రోజు తీర్పు చెప్పేవాళ్ళం. అది మన పాట, మన సమయానికి వచ్చేది. ఇంగ్లీషు పాట మాత్రం చల్లారిన అన్నంలా మా కంచంలో పడేది. దాని మీద మాట్లాడాల్సినదంతా లోకం అప్పటికే మాట్లాడేసింది. మేం కొత్తగా ఏదైనా కనిపెట్టి సంబరపడితే, నెట్ సెంటర్‌లో గంటకింత కట్టి వెతికేసరికి ఆ ముక్కను ఎవరో ఎప్పుడో రాసిపెట్టి ఉండేవారు. పాటను ఇష్టపడటానికి అడ్డేమీ లేదు. అది వచ్చేటప్పుడు గుమ్మంలో నిలబడే అవకాశమే లేదు.

అందుకే 2024 ఆగస్టు నెల నాకు పెద్ద విషయం.

లింకిన్ పార్క్ గాయకుడు చెస్టర్ బెనింగ్టన్ 2017 జులై 20న చనిపోయాడు. తర్వాత ఏడేళ్ళు బ్యాండ్ పేరు మీద కొత్తగా రాసి పాడిన పాట లేదు. పాత రికార్డింగుల్లోంచి తీసినవి కొన్ని వచ్చాయంతే. అట్లాంటిది ఆగస్టు చివర్లో ఉన్నట్టుండి వాళ్ళ పేజీలో ఒక గడియారం కనిపించింది. వంద గంటల నుంచి వెనక్కి లెక్కపెడుతోంది. ఏమిటని గానీ ఎందుకని గానీ ఒక్క ముక్క లేదు. హాస్టల్ నాటి మా దోస్తుల వాట్సాప్ గ్రూపు మామూలుగా పుట్టినరోజు కేకులతో, 'గుడ్ మార్నింగ్' పూలతో నడుస్తుంది. ఆ వారం మాత్రం అది అసెంబ్లీ అయింది.

మిర్యాలగూడలో రైస్ మిల్లు చూసుకునే దోస్తు, "పాత పాటలకే మళ్ళా రంగులేసి అమ్ముతరు రా" అన్నాడు. మక్తల్ దోస్తు, కంప్యూటర్‌తో చెస్టర్ గొంతు తయారు చేసి పాడిస్తారేమో అని భయపడ్డాడు. నిజంగానే భయపడ్డాడు, రాత్రి ఒంటిగంటకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఇంకొకడు కొత్తగా ఒక అమ్మాయి పాడబోతోందన్నాడు. వాడికి ఆధారం ఉంది. ఆ ఏప్రిల్‌లోనే ఆర్జీ అనే బ్యాండ్ గాయకుడు జే గోర్డన్ ఒక రేడియో ముచ్చటలో, లింకిన్ పార్క్‌కు అమ్మాయి గాయని దొరికిందని విన్నట్టు నోరు జారాడు. తర్వాత సర్దుకున్నాడు. సర్దుకున్నాడు కాబట్టే అది నిజమని మావాడి తర్కం. కోర్టులో నిలవదు గానీ టీ కొట్టు దగ్గర నిలుస్తుంది.

గడియారం సున్నాకు వచ్చింది. ఏమీ జరగలేదు. సున్నా నుంచి మళ్ళీ పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

అది చూసి తిట్టుకున్నవాళ్ళు ఎందరో. నాకు మాత్రం ముచ్చటేసింది. సంగీతం తెలిసినవాళ్ళ చిలిపితనం అది. తాళం పూర్తయ్యే చోట దెబ్బ వేయకుండా వదిలేసినట్టు. చివరికి సెప్టెంబర్ 5న, మనకైతే 6వ తేదీ తెల్లవారుజామున, లైవ్ కచేరీ పెట్టి కొత్త గాయని ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను పరిచయం చేశారు. 'ది ఎంప్టీనెస్ మెషీన్' పాట అప్పుడే వచ్చింది. అమ్మాయి అన్నవాడిదే గెలుపు. గ్రూపులో వాడు ఇప్పటికీ తగ్గడం లేదు.

ఆ పాట అమరికను ఒకసారి చూడండి. లోకమంతా 'కొత్త గొంతు ఎవరిది' అని చెవులు రిక్కించి కూర్చుంటే, పాట మొదలయ్యేది పాత మనిషి మైక్ షినోడా గొంతుతో. మొదటి చరణం ఆయనదే. పల్లవీ ఆయనే అందుకున్నాడు. "ఇంతేనా, ఈయనే పాడేసుకుంటున్నాడా" అని మనసు జారుతున్న వేళకు రెండో చరణంలో ఆమె వస్తుంది. అంటే విడుదలకు ముందు మనం పడిన టెన్షన్‌ను తీసుకెళ్ళి పాట లోపలే ఇంకో నిమిషం పొడిగించారు. ముందు ఊహాగానాలు చేయనివాడికి అది మామూలుగా ఇద్దరు పాడిన పాట. వారం రోజులు వాదించుకున్నవాడికి ఆ రెండో చరణం తలుపు తెరిచినట్టుంటుంది. 'వచ్చినంక వినరాదా' అనేవాళ్ళకు నేను చూపించే మొదటి సాక్ష్యం ఇదే. వచ్చాక విన్నవాళ్ళు ఆ పాటలో ఒక భాగం వినలేదు.

ఊహించడం అంటే నోటికొచ్చింది అనడం కాదని కూడా చెప్పాలి. దానికి ఒక పద్ధతి ఉంది. మన సినిమా పాట మామూలుగా పల్లవితో మొదలవుతుంది. వాళ్ళ పాట ఎక్కువగా చరణంతో మొదలై పల్లవికి ఎక్కుతుంది. కాబట్టి వాళ్ళ టీజర్‌లో మనకు వినిపించేది పాట మొదలు కాకపోవచ్చు. చాలాసార్లు పల్లవినో, పల్లవికి ఎక్కే మెట్టునో కోసి ఇస్తారు. అది ఏ మెట్టో పట్టుకోవడంతో పని మొదలు. డ్రమ్ము పూర్తిగా మోగుతోందా, ఇంకా బిగపట్టి ఉందా? గొంతు పై స్థాయిలో ఉందా, కింద నుంచి వస్తోందా? వెనక గిటారా, కీబోర్డా? ప్రొడ్యూసర్ పేరు బయటికొస్తే అది ఇంకో ఆధారం. మాక్స్ మార్టిన్ పేరు కనిపించిందంటే పల్లవి మొదటిసారికే నోటికి అంటుకునేలా ఉంటుందని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. బ్రిటిష్ బ్యాండ్ కోల్డ్‌ప్లే 2021లో 'హయ్యర్ పవర్' పాట చేసింది ఆయనతోనే. ఇవన్నీ చూసి ఒక మాట అనడానికి బ్యాండ్ పాత పాటలన్నీ మళ్ళీ వినాల్సి వస్తుంది. పాట విడుదలైన రోజున ఎవరూ అంత శ్రద్ధగా వినరు. ఆ రోజు అందరూ స్టేటస్ పెట్టే పనిలో ఉంటారు.

ఇప్పుడు వాటాల సంగతి.

కోల్డ్‌ప్లే మన దేశానికి వస్తోందని 2024లో ప్రకటించినప్పుడు మా అక్క కూతురు ఇంటర్ చదువుతోంది. ఇంగ్లీషు పాటల విషయంలో మా ఇంట్లో నాకున్న ఒకే ఒక్క తోడు ఆ పిల్ల. 2025 జనవరి 18, 19 తేదీల్లో నవీ ముంబైలో కచేరీలు అన్నారు. డిమాండ్ చూసి 21న మూడోది కలిపారు. 25, 26 తేదీల్లో అహ్మదాబాద్ అన్నారు. టికెట్ ధర రెండున్నర వేల నుంచి ముప్పై అయిదు వేల దాకా. సెప్టెంబర్ 22 మధ్యాహ్నం అమ్మకం మొదలైతే కోటి మందికి పైగా ఎగబడ్డారని అమ్మినవాళ్ళే చెప్పారు. మేమిద్దరం కూడా ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. మా ముందు క్యూలో ఉన్నవాళ్ళ సంఖ్య నల్లగొండ పట్టణం జనాభా కంటే ఎక్కువ కనిపించింది. "మామా, మన జిల్లా మొత్తం మన ముందట నిలబడ్డది" అంది.

దొరికినా పోయేవాళ్ళమా? నల్లగొండ నుంచి సికింద్రాబాద్, అక్కడి నుంచి రైలు, రెండు రాత్రులు లాడ్జి, పిల్ల పరీక్షలు, నా సెలవులు. మక్తల్ దోస్తు ఈ సందర్భంలో ఒక మాట అన్నాడు. వాళ్ళ వైపు నుంచి బొంబాయికి బస్సులు పోతాయని, అవి కచేరీల కోసం పుట్టినవి కావని పాలమూరు వాళ్ళకు చెప్పక్కర్లేదు. "మా నాయన నవీ ముంబైల ఏండ్లకేండ్లు సెంట్రింగ్ పని చేసిండు రా. ఆ ఊరికి పోనీకె ఆయనకు బస్ టికెట్ ఎప్పుడూ దొరికింది. నాకు ఈ టికెట్ దొరకలె." వాడు నవ్వుతూనే అన్నాడు. ఎవరం పొడిగించలేదు.

చివరి రోజు అహ్మదాబాద్ కచేరీని హాట్‌స్టార్‌లో లైవ్ ఇచ్చారు. లక్షకు పైగా జనం చేతులకు వెలుగుల పట్టీలు కట్టుకుని మెరుస్తుంటే మా హాల్లో ట్యూబ్‌లైట్ కింద కూర్చుని చూశాం. బాగుంది, కాదనను. కానీ చూస్తున్నంతసేపూ మేం బయటే ఉన్నాం. ఏడు నెలల ముందు, 2024 జూన్‌లో 'ఫీల్స్‌లైక్ ఐయామ్ ఫాలింగ్ ఇన్ లవ్' పాట రావడానికి ముందు రోజుల్లో మాత్రం మేం లోపలే ఉన్నాం. ఆ పాట ముక్కను పట్టుకుని మా మేనకోడలు చేసిన ఊహకు, అహ్మదాబాద్‌లో ముందు వరుసలో నిలబడ్డవాడి ఊహకు విలువలో తేడా లేదు. ఇద్దరికీ తెలిసింది అంతే.

అమాయకంగా మాట్లాడుతున్నానని మీరనొచ్చు. ఈ ఊహాగానాలన్నీ కంపెనీలు పురిగొల్పేవే కదా, వాళ్ళ ప్రచారం మీరు జీతం లేకుండా చేస్తున్నారు కదా అని. నా వాదనకు ఎదురుగా ఉన్న బలమైన మాట ఇదే, దీన్ని తేలిగ్గా తీసేయను. తెలుగులోనే చూడండి. పాట ఎప్పుడొస్తుందో చెప్పడానికి ఒక పోస్టర్, ఆ పోస్టర్ ఎప్పుడొస్తుందో చెప్పడానికి ఇంకో పోస్టర్. ఉదయం 11 గంటల 7 నిమిషాలకు అని ముహూర్తం పెట్టినట్టు సమయాలు. అది ఆలస్యమైతే 'అప్డేట్ ఇవ్వండి' అని నిర్మాణ సంస్థను తిడుతూ ట్రెండింగ్. అక్కడ పాట గురించి ఒక్కరూ మాట్లాడరు. తేదీ గురించే గొడవ. దాన్ని నేను సమర్థించను. తేదీని ఊహించడంలో చెవికి పని లేదు.

కోల్డ్‌ప్లే వాళ్ళు ఈ విద్యలో ఆరితేరినవాళ్ళు. 2014లో 'ఘోస్ట్ స్టోరీస్' ఆల్బమ్ ముందు, చేత్తో రాసిన పాటల కాగితాలను తొమ్మిది దేశాల గ్రంథాలయాల్లో దయ్యాల కథల పుస్తకాల్లో దాచారు. వెతికిపట్టుకోండి అన్నారు. చదవడానికి ఎంతో ముద్దుగా ఉంటుంది. ఆ తొమ్మిది దేశాల్లో మనది లేదు. మన జిల్లా కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షల పుస్తకాల కోసం కుర్చీలు దొరకని కుర్రాళ్ళు దయ్యాల కథల అరల వెంట పడితే ఎట్లుండేదో తలచుకుంటే నవ్వొస్తుంది, అది వేరే ముచ్చట. నేను చెప్పేదేమంటే, ఊహను తీసుకెళ్ళి నేల మీద వేటగా మార్చిన మరుక్షణం మనలాంటివాళ్ళం మళ్ళీ బయటపడతాం. బార్సిలోనాలో ఉన్నవాడికే ఛాన్స్. 2019లో 'ఎవ్రీడే లైఫ్' పాటల పట్టికను ఊరి పత్రికల్లో చిన్న ప్రకటనలుగా వేశారు. వాటిలో ఒకటి ఉత్తర వేల్స్ పత్రిక. ఇది నాకు నచ్చింది, దాచుకోను. మన జిల్లా పేపర్లో 'బత్తాయి తోట కౌలుకు ఇవ్వబడును' పక్కన పాటల పేర్లు వచ్చినట్టు ఊహించుకున్నాను. అయినా ఆ పేపరు వచ్చే ఊర్లో ఉన్నవాడికే తొలి ఆనందం.

'హయ్యర్ పవర్' కథ కొంచెం మెరుగు. 2021 ఏప్రిల్ చివర, కరోనా రెండో విడతలో ఊరంతా తలుపులు వేసుకున్న రోజులు. గ్రహాంతరవాసుల లిపి అంటూ విచిత్రమైన గుర్తులు బయటికి వదిలారు. అభిమానులు ఒక్కో గుర్తు ఏ ఇంగ్లీషు అక్షరమో తేల్చుకుంటూ పోయారు. స్కూలు మూసి ఉన్న మా పిల్ల లాంగ్ నోట్‌బుక్‌లో పట్టిక గీసుకుని కూర్చుంది. మే 7న పాట విడుదలైంది. దాన్ని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్న ఫ్రెంచ్ వ్యోమగామి థామస్ పెస్కేకు పంపించి మొదలుపెట్టారు. భూమి మీద ఎవరూ బాధపడని పక్షపాతం అదొక్కటే. ఇట్లాంటి అక్షరాల ఆటలు సంగీతం కాదు, పజిల్ అని నేనంటాను. "నువ్వు లెక్కల సారువి కదా మామా, నువ్వే ఇట్లంటె ఎట్లా?" అని ఆ పిల్ల నిలదీస్తుంది. పజిల్‌లో తప్పులేదు. కానీ ఆ పట్టికంతా నిండిన తర్వాత కూడా పాట ఎట్లా వినిపిస్తుందో ఒక్క ముక్క తెలియలేదు. మా వాదన ఇంకా తెగలేదు.

కంపెనీ వాడుకుంటోందా? వాడుకుంటోంది. పండుగకు బట్టల షాపు లాభపడుతుందని పండుగ షాపువాళ్ళది అయిపోదు కదా. నేను పట్టించుకునేది ఒక్కటే: ఊహించేవాడు దేన్ని పట్టుకుని ఊహిస్తున్నాడు అని. విన్నదాన్ని పట్టుకునా, హెడ్డింగును పట్టుకునా?

ఈ తేడా 2023లో, ఎప్పుడో విడిపోయిన బ్రిటిష్ బ్యాండ్ బీటిల్స్ విషయంలో తేటతెల్లమైంది. ఆ జూన్‌లో ఆ బ్యాండ్ మనిషి పాల్ మెకార్ట్నీ బీబీసీ రేడియోలో, కృత్రిమ మేధ సాయంతో ఒక చివరి బీటిల్స్ పాట సిద్ధమవుతోందని చెప్పాడు. పాట పేరు చెప్పలేదు. హెడ్డింగు చదివినవాళ్ళంతా గగ్గోలు పెట్టారు: చనిపోయిన బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ గొంతును యంత్రంతో పుట్టిస్తున్నారు, అపచారం అని. మెకార్ట్నీ మళ్ళీ వచ్చి, కృత్రిమంగా పుట్టించింది ఏమీ లేదని చెప్పాల్సి వచ్చింది. ఇంకోవైపు, ఏళ్ళ తరబడి దొంగ టేపుల్లో లెనన్ ఇంట్లో పాడుకున్న ముక్కలు విన్న పాత అభిమానులున్నారు. వాళ్ళు మాత్రం ఇది 'నౌ అండ్ దెన్' అయి ఉండాలని ఇట్టే పట్టేశారు. ఎందుకంటే వాళ్ళకు చరిత్ర తెలుసు. లెనన్ 1970ల చివర్లో న్యూయార్క్ ఇంట్లో పియానో వాయిస్తూ క్యాసెట్‌లో పాడుకున్న పాట అది. 1990ల్లో మిగిలిన ముగ్గురూ ఆ క్యాసెట్ల నుంచి రెండు పాటలు పూర్తి చేసి దీన్ని మాత్రం వదిలేశారు. గొంతు మీద పియానో పడిపోయి, కరెంటు హోరు కలిసిపోయి, విడదీయడం చేత కాలేదు. సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం తయారు చేసిన సాఫ్ట్‌వేర్ ఇన్నేళ్ళకు ఆ గొంతును పియానో నుంచి వేరు చేసింది. యంత్రం చేసిన పని అదీ. నవంబర్ 2న పాట వచ్చినప్పుడు గగ్గోలు పెట్టినవాళ్ళు ఎక్కడున్నారో తెలియదు. టేపులు విన్నవాళ్ళు మాత్రం ఇంకో చర్చలో ఉన్నారు: పాత టేపులో ఉన్న ఒక భాగాన్ని కొత్త పాటలో ఎందుకు తీసేశారు అని. అట్లాంటి చర్చలో కూర్చోవడానికి నేను రాత్రి నిద్ర మానుకుంటాను.

ఇంత దూరం తిరిగి ఇంటి దగ్గర సంగతి చెప్పకపోతే బాగుండదు. 2021 సెప్టెంబర్ 2న పవన్ కళ్యాణ్ పుట్టినరోజుకు 'భీమ్లా నాయక్' టైటిల్ పాట వచ్చింది. ముందు రోజుల్లో మా కాలేజీ పిల్లలు చేసిన ఊహలన్నీ తమన్ చుట్టూ తిరిగాయి. తమన్ అంటే స్పీకర్లు పగిలే డ్రమ్ములు, కాబట్టి మొదలే దడదడ అని. తీరా పాట మొదలైంది నాగర్‌కర్నూల్ జిల్లా కిన్నెర మొగులయ్యతో. పన్నెండు మెట్ల కిన్నెర, ఆ పల్లె గొంతు, కథ చెప్పే తీరు. మా క్లాసులో అచ్చంపేట వైపు నుంచి వచ్చిన కుర్రాడొకడు తీగ మోగగానే "ఇది కిన్నెర సార్" అన్నాడు. మిగతావాళ్ళు అతని ముఖం చూశారు. పాలమూరు జానపద వీరుడు పండుగ సాయన్న కథ ఆ గొంతులో విన్న పల్లెలు మా పక్క జిల్లాలో ఉన్నాయి. మరుసటి ఏడాది మొగులయ్యకు పద్మశ్రీ ప్రకటించాక అందరికీ తెలిసింది.

ఊహాగానాలకు ఉన్న జబ్బు నాకు ఇక్కడ కనిపిస్తుంది. మేం పెద్ద పేర్ల వైపే చూస్తాం. పేరును బట్టి పాటను ఊహిస్తాం. చెవి ఉన్నవాడు ఆ కుర్రాడు, కానీ అతను అసలు ఊహల పందెంలోనే లేడు, ఎవరూ అడగలేదు. 'నల్లగొండ వాడికి లండన్ వాడితో సమాన వాటా' అని నేను పైన రాసింది నిజమే అయినా, అచ్చంపేట వాడికి నల్లగొండ వాడితో సమాన వాటా ఇచ్చామా అంటే ఇవ్వలేదు. ఆ రోజు నుంచి క్లాసులో ఏదైనా టీజర్ మాట వస్తే వెనక బెంచీని ముందు అడుగుతున్నాను.

లీకుల గురించి రెండు మాటలు. విడుదలకు ముందే దొంగతనంగా బయటికొచ్చిన పాటను వింటే ఊహ చచ్చిపోతుంది, పాటా సరిగ్గా దక్కదు. మిక్సింగ్ కాని ముక్కను విని 'పాట తేలిపోయింది' అని తీర్పులిచ్చేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. 'నాకు లోపలివాళ్ళు చెప్పారు' అనే బ్యాచ్ ఇంకోటి. వాళ్ళు ఊహించరు, ఊహించేవాళ్ళను చూసి జాలిపడతారు. ఇద్దరికీ దూరం.

ఇక అమ్మ వాదనలో మిగిలిన చివరి ముక్క: ఎక్కువ ఆశ పెట్టుకుంటే నిరాశే కదా. అవును, చాలాసార్లు నిరాశే. మన తలలో తయారైన పాట వచ్చిన పాట కంటే బాగుందని అనిపించిన సందర్భాలున్నాయి. దానికి నా జవాబు సూటిగా ఉంటుంది. అట్లా నిరాశపడ్డప్పుడే నాకు ఏం కావాలో నాకు తెలిసింది. 'బాలేదు' అనడం ఎవరికైనా వచ్చు. 'ఇక్కడ పల్లవికి ఎక్కే ముందు రెండు లైన్లు ఆగి ఉంటే బాగుండేది' అని అనాలంటే, ఆ రెండు లైన్లు మన తలలో ముందే మోగి ఉండాలి. మా మేనకోడలు గిటార్ క్లాసులకు పోతానని పట్టుబట్టింది కూడా ఇట్లాంటి నిరాశ తర్వాతే. నల్లగొండలో గిటార్ నేర్పేవాళ్ళను వెతకడం ఇంకో పెద్ద కథ.

ప్రస్తుతం మా మధ్య నడుస్తున్న పందెం ఇది. పన్నెండు ఆల్బమ్‌లతో ఆపేస్తామని కోల్డ్‌ప్లే గాయకుడు క్రిస్ మార్టిన్ చెప్పాడు. 2024 అక్టోబర్‌లో వచ్చిన 'మూన్ మ్యూజిక్' పదోది. అంటే ఇంకా రెండు రావాలి. తర్వాతి ఆల్బమ్ నుంచి మొదట వచ్చే పాట ఎట్లుంటుంది? 2019లో 'ఆర్ఫన్స్', 2021లో 'హయ్యర్ పవర్', 2024లో జూన్ పాట, ఇన్నిసార్లూ ముందు ఊపున్న పాటనే వదిలారు. కాబట్టి ఈసారీ అంతే అంటుంది మా పిల్ల. నేను కాదంటాను. 2014లో 'ఘోస్ట్ స్టోరీస్' నుంచి మొదట వినిపించింది 'మిడ్‌నైట్', పల్లవి ఉందో లేదో తెలియనంత నెమ్మదైన పాట. ఆపేయబోతున్నామని ముందే చెప్పిన బ్యాండ్ మళ్ళీ చేతులూపే పాటతో రాదు. పియానో, దాని మీద ఒక్క గొంతు, డ్రమ్ము రెండో చరణం దాకా ఉండదు. రాసిపెడుతున్నాను. "మామా, నువ్వు ముసలోనివైతున్నవ్, అందుకే నీకు నెమ్మది పాటలే వినిపిస్తున్నయ్" అని దాని తీర్పు. ఓడినవాళ్ళు క్లాక్ టవర్ దగ్గర మిర్చి బజ్జీ ఇప్పించాలి, మిల్లు దోస్తును కూడా పిలవాలి. వాడు ఇద్దరిలో ఎవరి పక్షమో ఇంకా చెప్పలేదు, టీజర్ వచ్చాక చెప్తానంటున్నాడు. అది చెల్లదని ఇప్పటికే చెప్పాం.